కోటు ఫజర్‌కా, ఫోటోకా?



మొన్న ఫజర్ నమాజుకు మా కిషన్‌బాగ్ గల్లీలో అబ్బాతో నడుస్తున్నాను. ఆయన పాత శాలువా కప్పుకుని వణుకుతున్నారు. ఇంట్లో అల్మారాలో మాత్రం నావి రెండు కోట్లు వేలాడుతున్నాయి. ఒకటి తమ్ముడి వలీమాకు కొన్న వెల్వెట్ కోటు, రెండోది మందపాటి జాకెట్టు. ఆ జాకెట్టు అబ్బాకు ఇవ్వబోతే, "బేటా, దీంతో వుజూ ఎలా చేయను? చేతులు మోచేతుల పైకి పోవు కదా" అన్నారు. నాకు సిగ్గేసింది. పైసలు రెండింటికి పోయాయి, జరూరత్ ఒక్కటీ తీరలేదు.

నా ఖయాల్ ఇది: ఇంట్లో మనిషికి ఒక్క కోటు చాలు. కానీ అది ఫజర్ నుంచి దావత్ దాకా పనికి రావాలి.

హైదరాబాద్ చలి కశ్మీర్ చలి కాదు. జనవరిలో తెల్లవారుజామున 15 డిగ్రీలు, మధ్యాహ్నానికి 28 డిగ్రీల దాకా ఉంటుంది. మందపాటి జాకెట్టు పది గంటలకల్లా బరువైపోతుంది. మనకు కావాల్సింది బండి మీద ఛాతీకి గాలి తగలకుండా ఆపే పల్చటి జాకెట్టు. చలి ఎక్కువైతే లోపల స్వెటర్, ఎండ వస్తే తీసేయడం, అంతే.

దుకాణంలో అద్దం ముందు నిలబడితే సరిపోదు. చేతులు మోచేతుల పైకి మడిచి చూడండి. వంగి, కూర్చుని చూడండి, సజ్దాలో భుజాలు బిగుసుకోకూడదు. ముందంతా తెరుచుకునేదైతే మంచిది. ఇంట్లో ఉతకొచ్చో లేదో అడగండి. జంతువుల బొమ్మలున్నవి నమాజుకు వద్దు. రంగు నలుపో, ముదురు నీలమో, గోధుమరంగో అయితే కుర్తా మీదా, ప్యాంటు మీదా నప్పుతుంది.

"షాదీలో నలుగురూ చూస్తారు కదా" అంటారు. చూడనివ్వండి, నీటుగా ఉండటం తప్పు కాదు. మన పెద్దల షేర్వానీ అలాంటిదే కదా! నిజాం జమానాలో దఫ్తర్‌కూ అదే, దావత్‌కూ అదే, ఈద్ నమాజుకూ అదే. ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థులూ షేర్వానీలోనే క్లాసులకు వెళ్ళేవారు. దాన్ని దూల్హా బట్టగా మార్చి, ఒక్క రాత్రి కిరాయికి తెచ్చుకునేది మనమే. రోజువారీకి ఊలు సద్రీ ఒకటి కుట్టించుకోండి. స్వెటర్ మీద వేస్తే చలి ఆగుతుంది, తెల్ల కుర్తా మీద వేస్తే వలీమాకు సరిపోతుంది.

ఆడవాళ్ళ సంగతి మనం మర్చేపోతాం. "బుర్ఖా ఉంది కదా" అని వదిలేస్తాం. బుర్ఖా పల్చటి బట్ట, చలి ఆపదు. లోపల వేసుకోవడానికి పల్చటి ఊలు స్వెటర్ కావాలి, ముందు గుండీలున్నది. లావుదైతే చేతులు ఇరుక్కుంటాయి. అమ్మీ తెల్లవారుజామునే పొయ్యి దగ్గర నిలబడుతుంది. నైలాన్, ఫ్లీస్ లాంటివి మంటకు కరిగి ఒంటికి అంటుకుంటాయి, అక్కడ ఊలే నయం.

ఖర్చు ఫికర్ ఉన్నవాళ్ళు పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజార్ తిరిగి చూడండి. పాత కోటు దొరికితే ఉతికి, ఎండలో ఆరేసి, దర్జీ దగ్గర చేతులు సరిచేయించుకోండి. వాడిన కోటు కొనడంలో ఐబు లేదు. కొని వాడకపోవడమే ఇస్రాఫ్.

మేమేం చేశామంటే, అబ్బాకు చేతులు వదులుగా ఉన్న కోటు, ఒక సద్రీ కుట్టించాం. నా మందపాటి జాకెట్టు రాత్రి కాపలా కాసే చాచాకు ఇచ్చాను. రాత్రంతా బయట కూర్చునే మనిషికి అది బరువు కాలేదు.

మీ అల్మారా కూడా ఈ జుమా లోపు ఒకసారి తెరవండి. పోయిన చలికాలం వేసుకోనిది ఈసారి కూడా వేసుకోరు. ఇచ్చేదేదో చలి ఉండగానే ఇచ్చేయండి. మార్చిలో ఇచ్చిన కోటు ఎవరి చలీ ఆపదు.

అల్లాహ్ హాఫిజ్.