నాలుక తడబడిన చోటే తప్పు

'మై డ్యూటీస్ ఇన్‌క్లూడెడ్ మేనేజింగ్ ద టీమ్, టు ప్రిపేర్ రిపోర్ట్స్ అండ్ క్లయింట్ మీటింగ్స్.' ఇలాంటి వాక్యం మీ రెజ్యుమెలో ఉందేమో ఓసారి చూసుకోండి. అర్థమవుతుందా అంటే అవుతుంది. కానీ మూడు పనులు మూడు వేషాల్లో ఉన్నాయి. మొదటిది ఐఎన్‌జీతో, రెండోది 'టు'తో, మూడోది ఉత్త నామవాచకం. 'మేనేజింగ్ ద టీమ్, ప్రిపేరింగ్ రిపోర్ట్స్ అండ్ మీటింగ్ క్లయింట్స్' అంటే సరిపోతుంది. ఒకే వరుసలోని మాటలకు ఒకే రూపం ఉండటాన్ని ప్యారలల్ స్ట్రక్చర్ అంటారు. క్రియకు ఐఎన్‌జీ చేరి నామవాచకంలా పనిచేస్తే అది జెరండ్.

విచిత్రం ఏంటంటే, తెలుగులో ఈ తప్పు మనం చచ్చినా చేయం. 'నాకు చదవడం, ఈత కొట్టడం, సినిమాలు చూడటానికి ఇష్టం' అని ఎవరైనా అంటే పక్కనున్న చిన్నపిల్లాడు కూడా నవ్వుతాడు. అంటే చెవి మనకు ఉంది. మరి ఇంగ్లిష్‌కు వచ్చేసరికి ఎక్కడ జారుతున్నాం? తెలుగులో 'డం' ఒక్కటి చాలిన చోట ఇంగ్లిష్‌లో రెండు దారులున్నాయి. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ తర్వాత ఐఎన్‌జీ రావాలి. వాంట్, డిసైడ్, హోప్ తర్వాత 'టు' రావాలి. లైక్, స్టార్ట్ లాంటివాటికి రెండూ చెల్లుతాయి. ఆ చెల్లే చోట ఒకే వాక్యంలో రెండూ కలిపేస్తాం: 'ఐ లైక్ రీడింగ్, స్విమ్మింగ్ అండ్ టు వాచ్ మూవీస్.'

ఒక్కోసారి తెలుగే దారి చూపిస్తుంది. 'హీ స్టాప్డ్ టాకింగ్' అంటే మాట్లాడటం ఆపాడు. 'హీ స్టాప్డ్ టు టాక్' అంటే మాట్లాడటానికి ఆగాడు. 'డం'కు జెరండ్, 'డానికి'కి 'టు'. ఇంత చక్కగా కుదిరింది కదా అని అన్నిచోట్లా నమ్మితే మాత్రం దెబ్బ తింటాం. 'మిమ్మల్ని కలవడానికి ఎదురుచూస్తున్నా' అనుకుని మెయిల్ చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అని రాసేది అందుకే. అక్కడ ఉండాల్సింది 'మీటింగ్'. అనుమానమొస్తే క్రియ తీసేసి నామవాచకం పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై' కుదిరింది, కాబట్టి అది జెరండ్ కూర్చునే కుర్చీ. 'ఐ వాంట్ టు యువర్ రిప్లై' కుదరదు, కాబట్టి అక్కడ 'టు మీట్' అనే రాయాలి.

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షల ఎర్రర్ స్పాటింగ్ కోసం క్రియల జాబితాలు బట్టీ పడుతుంటారు మీలో చాలామంది. కొంతవరకు తప్పదు. కానీ ప్యారలల్ స్ట్రక్చర్‌కు జాబితా అక్కర్లేదు. 'అండ్', 'ఆర్', 'దాన్', 'నాట్ ఓన్లీ - బట్ ఆల్సో' కనిపించగానే ఆగి, అటూ ఇటూ ఉన్న మాటలు ఒకే జాతివో కాదో చూడటమే. 'షీ ఈజ్ గుడ్ ఎట్ సింగింగ్, డ్యాన్సింగ్ అండ్ ప్లేస్ ద వీణ' అన్నప్పుడు వీణ దగ్గర శ్రుతి తప్పింది.

గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ రోజూ కళ్లముందే ఉంటుంది. 1949 నవంబరు 26న ఆమోదం పొందిన మన రాజ్యాంగ పీఠిక ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క వాక్యం. అంత పొడవైన వాక్యంలోనూ మనం దారి తప్పం. జస్టిస్, లిబర్టీ, ఈక్వాలిటీ, ఫ్రటర్నిటీ... నాలుగూ నామవాచకాలే, నాలుగూ వరుసగా నిలబడ్డాయి. 1976లో 42వ సవరణతో సోషలిస్ట్, సెక్యులర్ అనే విశేషణాలు వచ్చి విశేషణాల మధ్యే కూర్చున్నాయి. ఇంటెగ్రిటీ అనే నామవాచకం యూనిటీ పక్కన చేరింది. సవరణ మంచిచెడ్డల మీద వాదనలు ఎన్నున్నా, వాక్యం మాత్రం విరగలేదు.

'అర్థమైతే చాలదా, ఎందుకింత రాద్ధాంతం?' అని మీరడగొచ్చు. మాటల్లో అయితే న్యాయమైన ప్రశ్నే. మాట్లాడేటప్పుడు దొర్లిన తప్పుకు నవ్వేవాళ్లను పట్టించుకోనక్కర్లేదు. రెజ్యుమె సంగతి వేరు. దాన్ని చదివేటప్పుడు మీరు ఎదురుగా ఉండరు, 'నా ఉద్దేశం అదికాదండీ' అని చెప్పుకునే వీలుండదు. పైగా మూడు రకాలుగా రాసిన మూడు పనుల్ని చదివేవాళ్లే సర్దుకోవాలి. ఎదుట ఇంకా బోలెడు రెజ్యుమెలున్నప్పుడు ఎవరికుంటుంది అంత ఓపిక?

రెజ్యుమెలో జెరండ్లే వాడాలనీ లేదు. మేనేజ్డ్, ప్రిపేర్డ్ అని భూతకాల క్రియలతో మొదలుపెట్టినా బాగుంటుంది, కలిపేయకపోతే చాలు. ఇవాళ మీది తెరిచి, ప్రతి లైన్‌లో మొదటి మాట కింద గీత గీయండి. ఆ మాటల్ని పైనుంచి కిందికి గట్టిగా చదవండి. మేనేజ్డ్, ప్రిపేర్డ్, హ్యాండ్లింగ్... నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పెన్ను పెట్టండి.