ఏటి కాడి నుంచి మొదలెట్టండి

ఆదివారం సాయంత్రమైతే మైపాడు బీచి రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. అదే ఇందుకూరుపేట మండలంలో, పెన్న గట్టున, పల్లెపాడు ఉంది. పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉన్న ఊరు. అటు తిరిగే బండ్లు తక్కువ. తిరిగినవాళ్లు కూడా నాలుగు ఫొటోలు దిగి, పావుగంటలో బీచి దారి పడతారు. మొదటిసారి నేనూ ఆ బాపతే.

రెండోసారి ఊరి పెద్దాయన ఒకాయన తగిలాడు. నేను చెప్పులు విప్పబోతుంటే, "అప్పుడే లోపలికి ఎందుకు సార్? ముందు ఏటి కాడికి పోదాం రాండి" అన్నాడు. మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లో ఇసక. లోలోపల తిట్టుకుంటూనే నడిచాను. పినాకిని అంటే పెన్నే కదా, ఆ పేరు పెట్టిన చోటుకి ఏటిని చూడకుండా వెళ్లడమేమిటని తర్వాత సిగ్గేసింది.

నడుస్తూ ఆయన గాంధీ పేరు ఎత్తలేదు. పొట్లపూడి కోడలు పొణకా కనకమ్మ గారి దగ్గర మొదలెట్టాడు. బడి ముఖం చూడని ఆ ఇల్లాలు ఇచ్చిన 13 ఎకరాల్లోనే దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ఈ ఆశ్రమాన్ని నిలబెట్టారు. బెజవాడలో కాంగ్రెసు సమావేశాలు ముగిసి వారమైనా కాకముందే, 1921 ఏప్రిల్ 7న, గాంధీ వచ్చి ప్రారంభించారు. మరో రెండేళ్లకి నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిందీ కనకమ్మ గారే. ఆశ్రమం అనగానే మనకు గాంధీ గుర్తొస్తారు. చోటిచ్చిన మనిషి పేరు అడగం.

భవనం దగ్గరికొచ్చాక ఇంకో పేరు వినిపించింది: రుస్తుంజీ. డర్బన్‌లో పార్శీ వర్తకుడు. 1897 జనవరిలో అక్కడి తెల్లవాళ్ల గుంపు గాంధీని కొట్టినప్పుడు ఆశ్రయమిచ్చింది ఈయన ఇల్లే. గుంపు ఆ ఇంటినీ చుట్టుముడితే, గాంధీ పోలీసు జవాను వేషంలో బయటపడాల్సి వచ్చింది. ఆ రుస్తుంజీ పంపిన 10,000 రూపాయలతో లేచిన కట్టడం ఇది. గోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. డర్బన్ ఎక్కడ, పల్లెపాడు ఎక్కడ!

హైదరాబాదులో చార్మినార్ చుట్టూ తిప్పి చూపించే నడకలున్నాయి. మనకెందుకు ఉండకూడదు? ఇప్పుడు ఆశ్రమాన్ని రెడ్‌క్రాస్ నెల్లూరు శాఖ చూసుకుంటోంది, సంతోషం. కానీ బోర్డులు చాలవు, వెంట నడిచి చెప్పే మనిషి కావాలి. ఆ ఊరి కుర్రాళ్లలోనే ఇద్దరికి నేర్పించి, జీతమిచ్చి పెట్టొచ్చు. బట్టీ పట్టించిన ఉపన్యాసం మాత్రం వద్దు. నడక ఏటి కాడ మొదలవాలి, కనకమ్మ గారి మీదుగా రావాలి, గాంధీ చివర్న రావాలి. ఈ వరస మీద నాతో తగువు పడేవాళ్లుంటారు, పడనీండి.

వచ్చేటప్పుడు పెద్దాయన చేతిలో డబ్బులు పెట్టబోతే వెనక్కి నెట్టాడు.

"ఈసారి పిల్లకాయల్ని తీసకరాండి సార్. పొద్దన్నే రాండి, ఇసక కాల్తాది."