చెత్త టపాకు బాధ్యులెవరు?

అక్కరలేని ఈ-మెయిళ్ల బెడదకు మూలం ఆ వ్యవస్థ పుట్టుకలోనే ఉంది. టపా రవాణాకు 1982లో రూపొందించిన ఎస్‌ఎంటీపీ పద్ధతిలో పంపినవారెవరో రుజువు చేసుకునే ఏర్పాటు లేదు. ఎవరి పేరుతోనైనా ఎవరైనా లేఖ పంపడానికి అది వీలు కల్పించింది.

ఫలితంగా భారమంతా కార్యాలయాలలోని మెయిల్ సర్వర్ నిర్వాహకులపై పడుతోంది. వడపోతను సడలిస్తే బ్యాంకు పేరిట మోసగాళ్లు పంపిన లేఖ ఉద్యోగికి చేరుతుంది. బిగిస్తే ఇంటర్వ్యూ పిలుపో, టెండరు వర్తమానమో చెత్తబుట్ట పాలవుతుంది. నష్టపోయిన వ్యక్తికి ఆ సంగతి కూడా తెలియదు.

దీనికి మందు లేకపోలేదు. లేఖ పంపిన సర్వర్‌కు ఆ అధికారం ఉన్నదీ లేనిదీ ఎస్‌పీఎఫ్ తేలుస్తుంది. డీకేఐఎం లేఖపై ఎలక్ట్రానిక్ ముద్ర వేస్తుంది. ఈ పరీక్షలలో తప్పిన లేఖను ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా లేఖలు పంపేవారికి ఈ మూడింటినీ గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేసింది.

మన దేశంలో వ్యాపార ఫోన్లకు, ఎస్‌ఎంఎస్‌లకు ట్రాయ్ 2018లో నిబంధనలు చేసింది. ఈ-మెయిల్‌కు ప్రత్యేక చట్టం లేదు. మారుపేరుతో మోసగించేవారిని శిక్షించే 66డి సెక్షన్ ఐటీ చట్టంలో ఉన్నా, అది నష్టం జరిగాక వాడవలసిన ఆయుధం. బ్యాంకులు బ్యాంక్.ఇన్ డొమైన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించడం మంచి ఆరంభం. పెద్దఎత్తున లేఖలు పంపే ప్రతి సంస్థా తానెవరో ముందుగా రుజువు చేసుకోవాలన్న నియమాన్ని కేంద్రం చట్టబద్ధం చేయాలి. అందుకునేవారి వడపోతపైనే భారం మోపడం న్యాయం కాదు.