యాపచెట్టు మీది తెల్లమచ్చ రోగం కాదు

నారాయణపేట చుట్టుపక్కల ఏ పాత మామిడిచెట్టు దగ్గరికో, యాపచెట్టు దగ్గరికో వెళ్లి బెరడు చూడండి. రూపాయి బిళ్లంత నుంచి అరచేయంత దాకా, బూడిదరంగు మచ్చలు కనిపించొచ్చు. కొందరు బూజు అంటారు. ఇంకొందరు రోగమనుకుని మందు కొట్టిస్తారు. దండగ ఖర్చు! అది లైకెన్. ఒక శిలీంద్రం, ఒక శైవలం కలిసి పెట్టిన కాపురం. శైవలం ఎండతో తిండి తయారు చేస్తుంది, శిలీంద్రం గూడు కట్టి తేమను పట్టి ఉంచుతుంది. బెరడు వాటికి కూర్చునే అరుగు మాత్రమే, చెట్టు రసం తాగవు.

2021లో తెలంగాణలో యాపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండిపోయాయి, గుర్తుందా? అది ఫోమాప్సిస్ అనే వేరే శిలీంద్రం పని. ఎండిన కొమ్మ మీద లైకెన్ ఎక్కువ కనిపిస్తుందంటారా, నిజమే. ఆకులు రాలితే దానికి వెలుతురు బాగా అందుతుంది మరి. కొమ్మను ఎండబెట్టింది మాత్రం అది కాదు.

మన మైదానాల్లో తరచు కనిపించే రకం పిక్సీన్ కోకోస్. గుండ్రంగా, బెరడుకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. అంచున మిల్లీమీటరు వెడల్పు చిన్న చిన్న రేకలు, వాటి కొసల మీద పిండి చల్లినట్టు తెలుపు. ఎండాకాలంలో బూడిదరంగు, నాలుగు చినుకులు పడితే పచ్చదనం. నీళ్లు చల్లి చూడండి, రంగు మారడం కళ్లముందే కనిపిస్తుంది. కొన్నింటి మీద నల్లచుక్కలుంటాయి, కొన్నింటికి ఉండవు. రెండూ అదే.

తికమక పెట్టేది డిరినేరియా. అచ్చం ఇలాగే ఉంటుంది. పిక్సీన్‌కు పొడి రేకల అంచుల్లో, డిరినేరియాకు పైభాగాన చిన్న కుప్పలుగా ఉంటుంది. ఫోన్ కెమెరా జూమ్ చేసినా ఒక్కోసారి తేలదు. అప్పుడు నోట్లు చెక్ చేసే యూవీ టార్చ్ తీసుకుని చీకటి పడ్డాక వేయండి. పిక్సీన్ పసుప్పచ్చగా మెరుస్తుంది, మన డిరినేరియాలు మామూలుగా మెరవవు. యాప్‌లో ఒక్క ఫొటో పెట్టి వచ్చిన పేరును నమ్మేకంటే ఇది నయం.

రేకలే లేకుండా, సున్నం పూసినట్టుండి మీద నల్లగీతలు రాసినట్టు కనిపిస్తే అది గ్రాఫిస్ జాతి కావచ్చు.

అన్నట్టు, బిర్యానీలో వేసే రాతి పువ్వు కూడా లైకెనే. అయితే అది పెద్ద రేకలున్న వేరే రకాలది, కొండప్రాంతాల నుంచి వస్తుంది. మామిడిచెట్టు గీకి కుండలో వేసేరు!