గృహారోగ్యము: మూలుగ మార్పిడి పిమ్మట కడుపు, కాలేయము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో తలసీమియా, రక్తపు క్యాన్సరు మున్నగు వ్యాధులు గలవారు మూలుగ మార్పిడికై హైదరాబాదునందలి నిమ్స్ వంటి ఆసుపత్రులకు పోవుదురు. దాతనుండి గైకొన్న రక్తమూలకణములను రోగి నరమున నెక్కించుట యీ చికిత్స. అది ఫలించి రోగి యిల్లు చేరిన పిమ్మట కనిపెట్టియుండు భారము తల్లిపైననో భార్యపైననో పడును. అట్టి సోదరీమణులకై యీ మాసము కడుపును, కాలేయమును గూర్చి వ్రాయుచున్నాము.

మార్పిడికి ముందు పాతమూలుగను నశింపజేయుటకు తీవ్రమైన మందు లిత్తురు. వానిచే నోటను, ప్రేగులలోను పొర చెడి పుండ్లు, వాంతులు, విరేచనములు కలుగును. కాలేయములోని సన్నని రక్తనాళములు పూడుకొనినచో, సాధారణముగా మొదటి 3 వారములలో, బరువు హెచ్చి, కడుపుబ్బి, కుడి డొక్క నొచ్చి, కన్నులు పచ్చబడును.

కొన్నాళ్లకు మఱియొక చిక్కు రావచ్చును. దాతకణములు రోగి శరీరమునే పరాయిదిగా నెంచి చర్మమును, ప్రేగులను, కాలేయమును బాధించును. ఇది మొదటి 100 దినములలో తఱచు. మందులు తగ్గించునపుడు తరువాతను రావచ్చును. నీళ్లవిరేచనములు, కడుపునొప్పి, కామెరలు దీని గుఱుతులు.

సూక్ష్మక్రిములు సోకినను ఇవే గుఱుతులు కన్పట్టును. కాని చికిత్సలు వేఱు. దాతకణముల దాడికి రోగనిరోధకశక్తిని అణచు మందు లీయవలెను. క్రిములు సోకినచోట ఆ మందులే కీడు చేయగలవు. కంటితో జూచి తేల్చుట వైద్యులకును కష్టము. రక్తపరీక్షయు, ఒక్కొక్కప్పుడు ప్రేగునుండి చిన్నముక్క తీసి పరీక్షించుటయు కావలయును.

మనవైపు కామెరలనగానే పసరు త్రాగించుట, విరేచనములనగానే అంగడి మాత్ర వేయుట అలవాటు. ఈ రోగికి రెండును వలదు. పచ్చి ఆకురసము క్రిములను తేగలదు, కాలేయమునకు భారము కాగలదు, వాడుచున్న మాత్రల బలమును మార్చగలదు.

ఒక పుస్తకమున ప్రతియుదయము బరువు, విరేచనముల లెక్క, కన్నుల రంగు, మూత్రపు రంగు వ్రాయుడు. మాత్ర వేసికొన్నవెంటనే వాంతియైనయెడల మీయంతట మరల వేయక, మాన్పక, ఫోనులో వైద్యుని అడుగుడు. విరేచనములు హెచ్చినను, రక్తము కనబడినను, కన్నులు పచ్చబడినను, జ్వరము వచ్చినను ఆనాడే మార్పిడి చేసిన ఆసుపత్రికి తెలుపుడు. హైదరాబాదు 100 కిలోమీటర్లకు పైబడిన దూరము. రాత్రివేళ బయలుదేరవలసివచ్చినచో బండి ఎవరిది, తోడెవరు, కాగితము లెచ్చట నున్నవి యనునది రోగి యింటికి వచ్చిననాడే నిర్ణయించుకొనుడు. ఇరుగుపొరుగువారు రేపటిదాక చూతమన్నను వినవలదు.