కలిపిందల్లా కల్తీ కాదు

ధర్మవరంలో పట్టుచీరల బేరం ముగించుకొని ఓ పెళ్లి బృందం నగల అంగట్లోకి వచ్చింది. గాజు మీద 916 ముద్ర చూడగానే పెద్దాయన అడ్డం తిరిగాడు. "అంటే నూటికి ఎనిమిది పాళ్లు కల్తీనే గదప్పా! మాకు అపరంజే కావాల." కొట్లో కుర్రాడు నీళ్లు నమిలాడు. నిజానికి నమలాల్సిన పని లేదు. (అప్పుడే కొన్న చీర జరీ కూడా వెండితీగకు బంగారు పూతే. దానికి మాత్రం ఆయనకు అభ్యంతరం లేకపోయింది!)

వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతా 84 సాధారణంగా వెండీ రాగీ. అది తీసేసి అచ్చ బంగారంతో గాజు చేయించుకోండి, బిందె అంచుకు గట్టిగా తగిలితే చాలు సొట్ట పడుతుంది. బంగారంలో పరమాణువులు సంతలో పేర్చిన నిమ్మకాయల్లా వరుసలు కట్టి ఉంటాయి. అన్నీ ఒకే సైజు కాబట్టి ఒక వరుస మీద ఇంకో వరుస సులువుగా జారుతుంది. మెత్తదనమంటే ఆ జారుడే. రాగి పరమాణువు బంగారం దానికన్నా చిన్నది. అది చొరబడిన చోట వరుస వంకరపోయి జారుడుకు అడ్డం పడుతుంది. వెండి పరమాణువు దాదాపు బంగారమంతే ఉంటుంది. అందుకే వెండి ఒక్కటే కలిపితే నగ పెద్దగా గట్టిపడదు. రాగి పడాల్సిందే.

చదువుకున్నవాళ్లది ఇంకో రకం పొరపాటు. రెండు లోహాలు కలిస్తే గుణం కూడా రెంటికీ మధ్యలో ఉంటుందనుకుంటారు, పాలల్లో నీళ్ల లెక్కన. హిందూపురంలో రేడియోలు బాగుచేసే బల్ల ముందు కాసేపు నిలబడితే ఆ భ్రమ తీరుతుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపిన పాతరకం టంకం తీగ 183కే నీరైపోతుంది. పైగా గడ్డకట్టాక ఆ రెండూ ఒకటైపోవు. పక్కపక్కనే సన్నటి పొరలుగా విడివిడిగా సర్దుకుంటాయి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు రావడం మొదలైంది. కారు ఒంటికి వాడే ఉక్కురేకులో కర్బనం నూటికి అర పాలు కూడా ఉండదు. ఇనుప పరమాణువుల సందుల్లో దూరే ఆ కాస్తే రేకుకు బలం. బొగ్గు కలిసిందని కారు వెనక్కిచ్చే మొనగాడు ఎవడైనా ఉన్నాడా?

స్వచ్ఛతకు విలువే లేదని నేననడం లేదు. ధర్మవరం జంక్షన్లో తలెత్తి చూడండి. రైలింజను నెత్తి మీది చట్రం రాసుకుంటూ పోయే కింది తీగ రాగి. దాన్ని మోసే పైతీగకు మన రైల్వేలో వాడుతూ వచ్చింది కాడ్మియం కలిపిన రాగి. వరుసను చెడగొట్టే పరాయి పరమాణువు తీగను లాగుడుకు నిలబెడుతుంది, అదే పరమాణువు కరెంటుకూ అడ్డొస్తుంది. అందుకే ఇంట్లో వైరింగుకు మాత్రం శుద్ధమైన రాగినే అడగండి. అక్కడ పెద్దాయన పట్టుదల నూటికి నూరుపాళ్లూ సబబు.

22 క్యారెట్లని చెప్పి 18 అంటగడితే అది మోసమే. ఆ తప్పు రాసిన బిల్లుది, రాగికి అంటగట్టకండి.

ఇంతకీ పెద్దాయన గాజులతో పాటు ఒక 24 క్యారెట్ల బిళ్ల కూడా కొన్నాడు. డబ్బు కట్టి, దాన్ని పంటికింద పెట్టి నొక్కి చూశాడు. గాటు పడింది.