పాజిటివ్ అన్న మాట ఎవరి మీద పడుతుంది?

2024 మే నెలలో బెంగుళూరు శివార్లలో ఒక ఫామ్‌హౌస్ పార్టీ మీద పోలీసులు దాడి చేశారు. 103 మంది రక్తం పరీక్షిస్తే 86 మందికి పాజిటివ్ వచ్చిందనీ, వాళ్ళలో 59 మంది పురుషులు, 27 మంది స్త్రీలనీ ప్రకటించారు. ఆ 59 మందిలో ఎంతమంది పేర్లు మీకు గుర్తున్నాయి? మన తెలుగు చానళ్ళు పట్టుకుని వదలనివి మాత్రం నటీమణుల పేర్లు. వాటిని నేనిక్కడ రాయను.

అసలు పాజిటివ్ అంటే ఏమిటి? డ్రగ్ పరీక్షకు రెండు దశలున్నాయి. మొదటిది వడపోత. మూత్రం చుక్కలు వేస్తే నిమిషాల్లో ఫలితం చూపే కిట్ ఈ రకమే. అందులోని యాంటీబాడీ మత్తుపదార్థాన్ని దాని ఆకారాన్ని బట్టి పోల్చుకుంటుంది. పోలికలున్న మరో మందును చూసి పొరబడవచ్చు కూడా. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ యాంఫిటమిన్‌లా కనబడవచ్చు. మన వంటింటి గసగసాల సంగతి మరీ చిత్రం. వాటికి నిజంగానే కాస్త మార్ఫిన్ అంటుకుని ఉంటుంది. కూరలో నూరి వేసుకుని తిన్నవాళ్ళ మూత్రంలోనూ అది తేలవచ్చు. ఈ చిక్కు వల్లే అమెరికా ప్రభుత్వం 1998లో ఉద్యోగుల పరీక్షల్లో నల్లమందు జాతి మందుల హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. అంటే ఆ హద్దు మనుషులు గీసిందే.

రెండోది నిర్ధారణ. గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీలతో పదార్థాలను విడదీసి, అణువుల ముక్కల బరువులను బట్టి ఫలానాదని తేలుస్తారు. దానికి ప్రయోగశాల కావాలి, ఓపిక కావాలి. ఆడదాని విషయంలో ఆ ఓపిక ఎవరికుంది? కిట్ మీద గీత చూడగానే శీలపరీక్ష మొదలవుతుంది.

2017లో హైదరాబాదులో ఎక్సైజ్ సిట్ సినిమావాళ్ళ రక్తం, గోళ్ళు, వెంట్రుకలు సేకరిస్తున్నప్పుడు ఒక నటి హైకోర్టుకు వెళ్ళింది. సమ్మతి లేకుండా ఆమె నమూనాలు తీయరాదని కోర్టు చెప్పింది. ఆ మాట సినీతారలకే కాదు, మనకూ కావాలి.

2024లో ఏర్పడిన ఈగల్ దళానికి కేంద్రం మన అమరావతే. గంజాయిని అరికట్టడం మీద నాకు పేచీ లేదు. మత్తు ఇళ్ళను ఏం చేస్తుందో సారా ఉద్యమం నడిపిన స్త్రీలకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ హాస్టళ్ళలో కిట్లతో పరీక్షలు పెట్టాలనే మాట ఈమధ్య తరచు నా చెవిన పడుతోంది. పెట్టదలచుకుంటే ముందు అమ్మాయి ఒప్పుకోవాలి. ఏ మందులు వాడుతోందో అడగాలి. నమూనాలో కొంత దాచి నిర్ధారణకు పంపాలి. ఆ ఫలితం వచ్చేదాకా వార్డెన్ ఇంటికి ఫోను చేయకూడదు. ఆ ఒక్క ఫోనుతో పిల్లను పల్లెకు తీసుకుపోయి సంబంధాలు చూడడం మొదలుపెట్టాక, నెగటివ్ అని కాగితం వస్తే ఆమెను తిరిగి కాలేజీకి ఎవరు పంపుతారు?